సముద్రం తిప్పి పంపిన బతుకమ్మ

అవ్వ, అంటే మా అమ్మ, విశాఖపట్నం వచ్చిన తెల్లారే సముద్రాన్ని చూసింది. చూసిన ఐదు నిమిషాల్లో దాని మీద తీర్పు కూడా చెప్పేసింది.

"ఒక్క తాన నిలువదేంది బిడ్డా గిది? మన చెరువు పొద్దుగాల యాడుంటదో పొద్దుగూకేటప్పుడు గాడనే ఉంటది. దీనికేమో ఊకె వచ్చుడు, పోవుడు. పని లేని మనిషి తీరు."

మేడ మీద నేను అద్దెకున్న వాటాలోంచి సముద్రం పూర్తిగా కనబడదు. రెండు అపార్టుమెంట్ల మధ్య సందులో ఒక చీర అంచంత కనబడుతుంది. ఆ అంచును చూసే అవ్వ అంత మాట అనేసింది. లక్సెట్టిపేటలో మా పెద్దమ్మ ఇల్లు గోదావరి ఒడ్డునే కాబట్టి పెద్ద నీళ్ల సంగతి తనకు తెలుసునని ఆమె ధీమా.

నాది బ్యాంకు ఉద్యోగం. కరీంనగర్ నుంచి ఈ ఊరికి బదిలీ అయి రెండేళ్లు. వచ్చిన కొత్తలో ఈ ఊరి మీద నాకూ చాలా ఫిర్యాదులుండేవి. తలుపు గొళ్ళేలు తుప్పు పడతాయి, అప్పడాలు వేయించిన అరగంటకు మెత్తబడిపోతాయి, ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా ఒంటికి అతుక్కుంటాయి. రేవులో ఓడ కూత పెడితే ఫోనులో అవతలివాళ్లకు నేను బస్టాండులో ఉన్నాననిపిస్తుంది. కానీ ఏడాది తిరక్కుండానే నేను దీని ప్రేమలో పడ్డాను. సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా పొట్లం పట్టుకుని కెరటాలకు ఎదురు నడవడం, అవి వస్తే వెనక్కి పరిగెత్తడం నాకు రోజూ ఉండాల్సిందే. ముప్పై నాలుగేళ్ల మనిషినని ఆ అరగంటా గుర్తుండేది కాదు.

అలా వెనక్కి పరిగెత్తేటప్పుడే కాలు విరిగింది. మోకాలి దాకా కట్టు వేసి ఆరువారాలు కదలొద్దన్నారు. అవ్వకు మాత్రం ఆఫీసు మెట్ల మీద జారానని చెప్పాను. ఆమె మర్నాడే జమ్మికుంటలో రైలెక్కింది. సంచిలో జొన్నపిండి, పచ్చళ్లు, ఒక పెద్ద నూలు కండె తెచ్చింది. మా బాపు పవర్‌లూమ్ మీద పనిచేసిన మనిషి. ఆ యంత్రాలను మావైపు సాంచాలు అంటారు. మా ఇంట్లో ఊరికి వెళ్లేవాళ్లు దువ్వెన మరిచిపోవచ్చు కానీ నూలు కండె మరిచిపోరు. ఎప్పుడు ఏది కట్టాల్సి వస్తుందో తెలియదని అవ్వ అంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటే తెలిసింది, నా ఆరువారాల మధ్యలో బతుకమ్మ తొమ్మిదిరోజులూ వచ్చి కూర్చున్నాయని.

ఇక్కడ అవ్వ గురించి ఒక సంగతి చెప్పాలి. మా వాడకట్టులో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ వంత పాడతారు. కొత్త కోడలిగా వచ్చిన ఏడు ఎత్తిన పాట ఈ నాటికీ ఎవరికీ దించి ఇవ్వలేదు. జ్వరమొచ్చినా, పురిటి నెలలైనా చివరిరోజు సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద ఆమె గొంతు ఉండాల్సిందే. దానికి ఆమె పెట్టుకున్న కట్టుబాట్లు రెండు. బతుకమ్మ నీళ్లలో కొట్టుకుపోయేదాకా ఒడ్డు మీద పాట ఆగకూడదు. నీళ్లలో దిగినవాళ్లు పాడకూడదు, పాట ఒడ్డునుంచే రావాలి. అలాంటి మనిషి ఈ ఏడాది నా కాలు కోసం కట్టనూ, వాడకట్టునూ, పాటనూ వదిలేసి వచ్చింది. నాకు సిగ్గేసింది. కాలు విరిగినందుకు కాదు, పండుగ పోగొట్టినందుకు.

"పోతే పోనియ్ బిడ్డా. నా తర్వాత ఎట్లయినా ఎత్తెటోళ్లు లేరు. గీ యేడే అలవాటైతది వాళ్లకు" అంది అవ్వ.

ఆ మాట నాకు గురి చూసి వేసినదే. నేను ఆమె ఒక్కగానొక్క కూతుర్ని. పాటలన్నీ విన్నాను, కానీ ఎత్తమన్న ప్రతిసారీ నైవేద్యానికి తెచ్చిన సత్తు ముద్దల గిన్నె వెనక దాక్కున్నాను. నలుగురిలో గొంతు విప్పడమంటే నాకు చచ్చేంత భయం. బ్యాంకులో టోకెన్ నంబరు పిలవాల్సి వచ్చినా మైకు పక్కవాళ్లకు తోసేసే రకం.

ఆ వారం మా ఇంట్లో అసలు పెత్తనం చేపలావిడది. రోజూ పొద్దున ఎనిమిదింటికి తలమీద గంపతో వచ్చి మా మెట్ల మీద దించేది. అక్కను ఇక్కడివాళ్లు అప్ప అంటారు. అవ్వను చూసిన మొదటిరోజే ఆవిడ అప్పను చేసుకుంది. అవ్వ మాత్రం గంపలోకి అనుమానంగా చూసింది. బొచ్చె, రవ్వ, కొర్రమీను తప్ప ఆమె దృష్టిలో మిగతావి చేపలు కావు. అయినా నా కోసం వంజరం ముక్కలు తీసుకుని పులుసు పెట్టింది. పెట్టి, ఉప్పు వేయలేదు.

"ఉప్పు నీళ్లల్ల పుట్టి పెరిగిన చేప. ఇంక మనమేం ఏస్తం?" అంది, నేను ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెడితే.

మర్నాడు ఈ సంగతి విని చేపలావిడ మెట్ల మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆ ఊపులోనే నా కొంప ముంచింది. "మీ యమ్మాయి ఆఫీసు మెట్ల మీద పడిందేటి? నా కళ్లెదుటే పడింది కదప్పా. కెరటం వత్తంటే ఎనక్కి ఎనక్కి పరిగెట్టి రాయి మీద జారింది. సేతిలో పొట్లం మాత్రం ఒదల్లేదు."

అవ్వ నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. "పొట్లమన్నా దక్కింది" అని లోపలికి వెళ్లిపోయింది.

బతుకమ్మ మొదలయ్యాక ప్రతి సాయంత్రమూ మా వాడకట్టు నుంచి ఫోను వచ్చేది. అక్కడ ఇంకొకామె పాట ఎత్తుతుంటే ఇక్కడ అవ్వ ఫోను స్పీకరులో పెట్టి, గోడకు ఆనుకుని పరీక్షాధికారిలా వినేది. సిగ్నలు సరిగా ఉండేది కాదు. మాటలు ఒక్కటీ తెలిసేవి కావు, చప్పట్లు మాత్రం వినబడేవి. ఆమెకు అవే చాలు.

పెళ్లయిన ఆడబిడ్డ పండుగకు పుట్టింటికి వచ్చి, తిరిగి అత్తారింటికి వెళ్లే కథ ఆ పాట. చివర్లో తల్లి ఆమెను కూర్చోబెట్టి తల దువ్వుతుంది. అక్కడ చప్పట్లు నిదానమవుతాయి, ఆడవాళ్లు రెండుసార్లు నేలదాకా వంగి లేస్తారు. మూడో రోజు ఫోను వింటూ వింటూ అవ్వ ఉలిక్కిపడింది.

"దువ్వుడు ఎగవెట్టిండ్రు. సూసినవా, చప్పట్లు ఎక్కడ కూడ మెల్లగ కాలే. తల దువ్వకుండనే సాగదోలిండ్రు పిల్లను."

ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. ఎవరో నిజంగానే చిక్కు జుట్టుతో బస్సెక్కినంత బాధపడింది. నేను అప్పుడే నిశ్చయించుకున్నాను, సద్దుల నాడు ఈ ఊళ్లోనే పెద్ద బతుకమ్మ పేర్చి, సముద్రంలో వేయించి, ఆమె పాట ఆమె పాడుకునేలా చేయాలని. రోజూ చేసుకునే చిన్నవి బకెట్లో వేసినా గౌరమ్మ ఏమనుకోదు కానీ సద్దులది పెద్ద నీళ్లలో పడాల్సిందేనని అవ్వే అంది. ఇక్కడ ఇంతకన్నా పెద్ద నీళ్లు లేవు.

పూల దగ్గరే చిక్కొచ్చింది. బంతి, చామంతి ఇక్కడి బజారులో గుట్టలుగా ఉన్నాయి. గునుగు, తంగేడు అడిగితే పూల దుకాణాల వాళ్లు మొహాలు చూసుకున్నారు. మంచం మీద నుంచే నేను ఫోను చేయని దుకాణం లేదు. చివరికి ఫోనులో గునుగు బొమ్మ తీసి చేపలావిడకు చూపించాను.

"ఇదా? గురుగు. మేకలు తింటాయి కదా ఇది. దీన్నేటి సేసుకుంటారు?"

"దేవుణ్ని చేసుకుంటం చెల్లె" అంది అవ్వ.

సద్దుల నాటి పొద్దున ఆవిడ గంప దించితే నాకు కళ్లు చెదిరాయి. తెల్లటి గునుగు, పచ్చటి తంగేడు, గంప అంచులు దాటి కిందికి వేలాడుతున్నాయి. కొండ పక్క ఖాళీ జాగాల్లో కోసుకొచ్చిందట. నేనూ అవ్వా ఒకేసారి వంగి వాసన చూశాం. ఒకేసారి తలలు వెనక్కి తీశాం. గంప చేపల గంపే. మూడుసార్లు పసుపు నీళ్లలో ముంచి తీసినా ఆ గునుగు మీద కవళ్ల చేపల వాసన పోలేదు. గౌరమ్మ వచ్చిన ఊరి వాసన వేసుకుంటే తప్పేముందని అవ్వ సర్దుకుంది.

మధ్యాహ్నమంతా పేర్చింది. గుమ్మడాకు దొరక్కపోతే అడుగున అరటిబోదె చక్రం పెట్టింది. గునుగుకు రంగులద్దింది. నడుముదాకా వచ్చే బతుకమ్మ అయ్యింది. ఇక సముద్రం మీద నమ్మకం లేదు కనుక సాంచాల నూలుతో దాన్ని అడ్డంగా నిలువుగా బిగించి కట్టింది. "ఎంత ఊపినా ఊడదు" అని తట్టి చూసుకుంది. ఆ కట్టుడే తర్వాత మా కొంప ముంచుతుందని అప్పుడు ఎవరికి తెలుసు.

కింది వాటాలో ఉండే ఇంటావిడ నా కోసం తన ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది. ఇస్తూ రెండుసార్లు చెప్పింది, కొత్తదని; దానికి కాపలాగా తనూ వెంట వచ్చింది. నా కట్టుకు బియ్యం సంచి తొడిగి, నన్ను ఆటోలో వేసి, పొద్దు వాలుతుండగా జాలరిపేట పక్కన ఇసుకలోకి చేర్చారు. చేపలావిడ తన పేటలో ఆడవాళ్లందర్నీ పిలుచుకొచ్చింది. పాతికమంది ఉంటారు. అవ్వ వాళ్లకు గుండ్రంగా నిలబడడం, చప్పట్లు కొట్టడం, దువ్వేచోట నిదానించి వంగి లేవడం నేర్పింది. అరగంటలో నేర్చేసుకున్నారు. మాటలు రావు కానీ వంత అందుకున్నారు. పల్లీల బండివాడు బండి ఆపి చూస్తున్నాడు. అవ్వ గొంతు గాల్లోకి లేచింది. తొమ్మిది రోజులుగా లోపల నొక్కిపెట్టిన గొంతు. సముద్రం మోతలో కూడా అది కనబడేంత స్పష్టంగా వినబడింది. నాకు పట్టరాని సంతోషమేసింది.

గుండ్రంగా తిరగడం అయ్యాక చేపలావిడ బతుకమ్మను ఎత్తుకుని నడుము లోతుకు వెళ్లి వదిలింది. అవ్వ ఒడ్డున పాడుతూనే ఉంది. బతుకమ్మ ఠీవిగా నాలుగు గజాలు వెళ్లింది. ఒక కెరటం లేచింది. బతుకమ్మ దాని మీదెక్కి, ఎక్కడా వంకర పోకుండా, నిటారుగా, అవ్వ కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

అందరూ నవ్వారు. అవ్వ పాడుతూనే కళ్లతో మళ్లీ వేయమంది. రెండోసారి ఇంకా లోపలికి తీసుకెళ్లి వదిలారు. రెండోసారీ వచ్చింది. చెరువులో వేసిన పూలు విడిపోయి కొట్టుకుపోతాయి. ఇది విడిపోతే కదా. అవ్వ కట్టిన కట్టు అలాంటిది. కింద అరటిబోదె తేలుతోంది, పైన నూలు పట్టుకునుంది, కెరటాలు బంతిలా ఆడుకుంటున్నాయి. మూడోసారి వచ్చిన కెరటం పెద్దది. నా కుర్చీ నాలుగు కాళ్లూ ఇసుకలో సగందాకా దిగాయి, నేను నేలకు జానెడు ఎత్తున మిగిలాను, బతుకమ్మ వచ్చి బియ్యం సంచి తొడిగిన నా కాలికి ఆనుకుని కూర్చుంది. ఇంటావిడ "కుర్చీ, కుర్చీ" అంటూ పరిగెత్తింది. పేట ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నాను.

పాట ఆగిపోయిందని అప్పుడు గమనించాను.

అవ్వ మొహం చూసి నవ్వు అక్కడే ఆగింది. "సాగనంపిన గౌరమ్మ మూడుసార్లు ఎనుకకొచ్చింది బిడ్డా. ఇన్నేండ్లల్ల ఎప్పుడు కాలే. కట్ట ఇడిసిపెట్టి వచ్చిన్నని కోపమొచ్చింది గావచ్చు."

కోపం నా మీద రావాలి, ఆమె మీద కాదు. ఆ మాట అనబోయేలోగా చేపలావిడ తడికొంగు పిండుకుంటూ అంది. "కోపం కాదు, ఏటీ కాదప్పా. ఒడ్డున ఎవలేసినా ఒడ్డుకే వత్తాది. మేమూ గంగమ్మకి పసుపూ కుంకం కెరటాలు దాటెల్లే ఇత్తాం. మాయాయన బోటు ఉంది. పద."

ఆవిడ భర్త అప్పటికే పడవ నీళ్లలోకి తోస్తున్నాడు. బతుకమ్మను ఇచ్చి పంపేద్దామన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. మూడుసార్లు వేరేవాళ్ల చేతుల్లోంచి తిరిగి వచ్చింది, ఈసారి తన చేత్తోనే వదలాలి. అరవై రెండేళ్ల మనిషి, ఈత రాని మనిషి, చీర కచ్చెలాగా దోపుకుని, చేపలావిడ కట్టిన ఖాళీ డబ్బాల తాడు నడుముకు వేసుకుని పడవ అంచు పట్టుకుంది. ఎక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగింది.

"నీళ్లల్ల దిగినోళ్లు పాడొద్దు. పాట నువ్వెత్తు."

"నాకు రాదవ్వా."

"వస్తది. రానిది నీకు గొంతు కాదు, ధైర్యం. నాకు గిప్పుడు పడవెక్కే ధైర్యం ఉన్నదనుకున్నవా?"

పడవ కదిలింది. పాతికమంది గుండ్రంగా నిలబడి, చేతులెత్తి, నావైపు చూస్తున్నారు. ఇసుకలో సగం దిగబడ్డ కుర్చీలో, కాలికి బియ్యం సంచితో, లేచి పారిపోవడానికి కూడా వీల్లేకుండా నేను. మొదటి కెరటం మీద పడవ ముక్కు ఆకాశానికి లేచింది. అవ్వ బతుకమ్మను రెండు చేతులతో హత్తుకుని కనబడింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

గొంతు మొదట పిల్లికూతలా వచ్చింది. తర్వాత వచ్చింది. మాటలు ఒక్కొక్కటీ ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చి నోట్లో పడుతున్నాయి. చప్పట్లు అందుకున్నాయి. పిచ్చి సంబరం పుట్టింది నాలో. ఆడబిడ్డ పుట్టింటికి వచ్చింది, ఆడింది, సద్దులు తిన్నది. పడవ రెండో కెరటం దాటింది. ఇక తల్లి తల దువ్వే చోటు. నేను పడవ వైపు చూశాను. అవ్వ ఇప్పుడు బొటనవేలంత ఉంది. ఆ చరణాలు నోటికి రాలేదు. పాట ఆగకూడదు కదా, ఒక్క అంగలో వాటిని దాటేసి ముందుకు వెళ్లిపోయాను. ఎవరికీ తెలియలేదు. ఇక్కడ ఆ పాట తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

దూరంగా రంగుల ముద్ద నీళ్లమీద కొద్దిసేపు తేలింది. ఒకటి, రెండు కెరటాలు దాని కింది నుంచి వెళ్లిపోయాయి. అది రాలేదు. చీకటి పడకముందే పడవ తిరిగొచ్చింది.

అవ్వ దిగేసరికి నిలువునా తడిసి ఉంది. నవ్వుతోంది. చిన్నపిల్ల ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం దిగినట్టు కాళ్లు తడబడుతూ నడిచొచ్చి, "మంచిగ పొయింది బిడ్డా. ఎనుకకు మర్రి గూడ సూడలే" అంది. నా పక్కన ఇసుకలో కూలబడింది. పొగడ్త కోసం నేను ఆగాను. ఆమె నుదుటి మీది తడి జుట్టు వెనక్కి తోసుకుంది.

"గని దువ్వుడు ఎగవెట్టినవ్."

"నీకు పాట వినబడిందా?"

"పాట యాడ ఇనవడ్తది గా మోతల. చేతులు కనవడ్డయి. ఒక్కసారి గూడ నిదానం కాలే. వంగలే. ఎందుకు దాటేసినవ్?"

అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "నువ్వు కెరటాల అవతల ఉన్నావవ్వా. తల్లి గురించి పాడడం నావల్ల కాలేదు."

పేట ఆడవాళ్లు అవ్వ చేసి తెచ్చిన సత్తు ముద్దల గిన్నె చుట్టూ చేరారు, ఇంటావిడ కుర్చీ కాళ్ల చుట్టూ ఇసుక తవ్వుతోంది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచేతికి పూల రంగూ, చేపల వాసనా.

"గిప్పుడు గీడనే ఉన్న కదా. పాడు."

పాడాను. గొంతు రెండుచోట్ల విరిగింది. అవ్వ నా పక్కన తడి ఇసుకలో కూర్చుని, తల దువ్వేచోట కొట్టాల్సినట్టుగానే, నిదానంగా చప్పట్లు కొట్టింది.